కాపలాకు కనిపించని కణం

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 2024 డిసెంబరులో జరిగిన ఒక చికిత్స గురించి నాకూ మా మేనకోడలికీ వాదన. ఆమె టైప్-1 షుగరున్న పిల్లలకు వైద్యం చేస్తుంది. నేను తత్వశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి.

"37 ఏళ్లుగా ఇన్సులిన్ మీద బతుకుతున్న మనిషి, మామయ్యా. దాత క్లోమంలోంచి తీసిన, ఇన్సులిన్ చేసే ఐలెట్ కణాల జన్యువులు సవరించి, ముంజేతి కండలో 17 చోట్ల సూదితో ఎక్కించారు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు అసలివ్వలేదు. అయినా ఆ కణాలు బతికి ఇన్సులిన్ చేస్తున్నాయి."

"ఐలెట్ల మార్పిడి కొత్తదేం కాదుగా?"

"కాదు. 2000లో ఎడ్మంటన్‌లో షపీరో అనే వైద్యుడి బృందం ఏడుగురికి కాలేయంలోకి ఐలెట్లు పంపి, అందరికీ ఇన్సులిన్ మాన్పించింది. కానీ ఆ పద్ధతిలో ఐదేళ్ల తర్వాత కూడా ఇన్సులిన్ అక్కర్లేనివాళ్లు సుమారు పది శాతమే. పైగా ఆ కణాలు బతికినంతకాలం రోగనిరోధక శక్తిని అణిచే మందులు మింగాలి. ఇన్ఫెక్షన్లు, కిడ్నీలకు దెబ్బ, క్యాన్సర్ భయం. ఆరేళ్ల పిల్లకు అది ఎలా రాయను?"

చిటికెడు కణాల కోసం ఒళ్లంతా నిరాయుధం కావడం అన్యాయమే. ఆ భారాన్ని ఒంటి మీంచి దించి, వచ్చిన కణం మీదే పెట్టడం నాకూ నచ్చింది.

"ఇంతకీ ఏం సవరించారు?"

"కణం మీదుండే హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్లను చూసి, టి-కణాలనే రక్షక కణాలు అది పరాయిదని పట్టేస్తాయి. ఆ ప్రోటీన్లు పైకి రాకుండా రెండు జన్యువుల్ని ఆపేశారు. అయితే ఆ గుర్తు లేని కణాన్ని వేరే రక్షక కణాలు చంపేస్తాయి. వాటిని ఆపడానికి సీడీ47 అనే ప్రోటీన్‌ను పెంచారు. సవరణ సగమే జరిగినవీ, అసలు జరగనివీ కొన్ని ఉంటే వాటిని అతని శరీరం చంపేసింది. పూర్తిగా సవరించినవే మిగిలాయి."

"అంటే శరీరం ఒప్పుకోలేదు. దాన్ని ఏమార్చారు."

"ఇన్సులిన్ చేసే సొంత బీటా కణాల్నే శత్రువులనుకుని చంపుకున్న శరీరం అది! తప్పుడు తీర్పిచ్చిన న్యాయమూర్తి అనుమతి కోసం మనం ఎందుకు ఆగాలి?"

"తీర్పు ఒకసారి తప్పిందని కోర్టే ఎత్తేస్తామా? రేపు ఆ కణం క్యాన్సరైతే పట్టుకునేదెవరు?"

"అందుకే ముంజెయ్యి మంచిదంటాను. కాలేయంలో చెదిరిన కణాల్ని ఏరి తీయలేం. ఇక్కడైతే స్కాన్‌లో చూస్తూ ఉండొచ్చు, తేడా వస్తే కోసి తీసేయొచ్చు."

జన్యు సవరణ కంటే ఈ ఏర్పాటే నాకు పెద్దదనిపించింది. శరీరం కళ్లుగప్పినవాళ్లు దాని బదులు తాము చూస్తూ ఉండాలి.

"మరి అతను ఇన్సులిన్ మానేశాడా?"

"లేదు. ఎక్కించింది సుమారు 8 కోట్ల కణాలే, అవి చాలవు. కణాలు బతుకుతాయా లేదా అని చూసే పరీక్ష అది. ఇప్పుడు ఏ తల్లి అడిగినా, ఇన్సులిన్ ఆపొద్దనే చెబుతాను."

"పిల్లల దాకా వచ్చేనాటికి, ఏళ్ల తరబడి ఆ స్కాన్లు ఎవరు చేస్తారో, ఖర్చెవరిదో ముందే రాసిపెట్టాలి. లేకపోతే వద్దంటాను."

"ఆ షరతు నాకూ సమ్మతమే. కానీ దాని పేరు చెప్పి పరిశోధన ఆపమనకండి. షుగరు పడిపోయిందేమోనని రాత్రి రెండింటికి లేచి, నిద్రలో ఉన్న పిల్ల వేలు గుచ్చి చూసుకునే తల్లులు నా దగ్గరికి వస్తారు."