మట్టిలో కలిసిపోతుందన్న మాట



ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి, మిర్చి, మక్కలు తోలుకొచ్చే రైతుకు తన పంట చివరికి ఏ రూపం దాల్చుతుందో సాధారణంగా తెలియదు. పత్తి నూలవుతుందనీ, మక్కలు కోళ్ల దాణాకు పోతాయనీ అనుకుంటాడు. కాని నేడు మక్కల పిండితో చేతిసంచులు కూడ చేస్తున్నారు. హైదరాబాదులోని డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల తయారుచేసిన అటువంటి సంచులను 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం అమ్మకానికి పెట్టారు. ఇప్పుడు పెళ్లి విందుకు, విచారణ పండుగకు గ్లాసులు, సంచులు కొనేవారు "ఇవి మట్టిలో కలిసిపోయేవే కదా" అని తృప్తి పడుతున్నారు. ఆ తృప్తికి మనకు హక్కు ఉన్నదా?

ముందుగా ఒక చిక్కు విడదీయాలి. దేనితో పుట్టినదన్నది ఒక ప్రశ్న, ఎట్లా నశిస్తుందన్నది మరొక ప్రశ్న. బ్రెజిల్‌లో చెరకు నుండి పాలిథిన్ తీస్తున్నారు. అది మొక్క బిడ్డే గాని, పెట్రోలు పాలిథిన్ లాగానే మట్టిలో కలవదు. పెట్రోలు నుండి పుట్టిన పి.బి.ఏ.టి. అనే ప్లాస్టిక్‌నేమో సూక్ష్మజీవులు తినేస్తాయి. పిండి సంచులు మెత్తగా సాగడానికి దానిని కలుపుతారు. కాబట్టి "బయో" అన్న రెండక్షరాలు చూసి మోసపోరాదు. (ఆ మాటకొస్తే ప్లాస్టిక్ చరిత్ర ఆరంభమే మొక్కతో. ఏనుగు దంతాలకు బదులుగా 1870 ప్రాంతంలో అమెరికాలో హయట్ అనే ఆయన చేసిన సెల్యులాయిడ్, పత్తిలో ఉండే సెల్యులోజు నుండి వచ్చినదే!)

ఇక మక్కల నుండి వచ్చే వాటిలో పేరుపొందినది పాలీలాక్టిక్ ఆమ్లం. పిండిని చక్కెరగా మార్చి పులియబెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది. మన పెరుగుకు పులుపునిచ్చేది అదే. దాని అణువులను గొలుసుగా కూర్చితే పారదర్శకమైన గ్లాసులు, డబ్బాలు తయారవుతాయి. శస్త్రచికిత్సలో వాడే కరిగిపోయే కుట్టుదారాలలో కూడ ఈ జాతి పదార్థం ఉంటుంది. నిజంగా మెచ్చదగిన విద్య! అయితే వేడి టీ పోస్తే మామూలు రకం గ్లాసు మెత్తబడుతుంది. అంతకంటె ముఖ్యం, అది త్వరగా కుళ్లాలంటే తేమతో పాటు 58 డిగ్రీల వేడి నిలిచే పెద్ద ఎరువు కుప్ప కావాలి. ప్రమాణ పరీక్షలో 180 రోజుల గడువు ఇచ్చేది అటువంటి కుప్పలోనే. మన మే నెల ఎండకు కూడ గాలి అంత వేడెక్కదు. మోరీలో, చెరువులో పడితే అది చాలాకాలం మామూలు ప్లాస్టిక్ లాగానే ఉంటుంది. ఆవు మింగినా అంతే.

అట్లయితే "కలిసిపోతుంది" అన్న మాట అబద్ధమా? కాదు. అది షరతుతో కూడిన నిజం. షరతును దాచి నిజాన్ని మాత్రమే అమ్మడం నా దృష్టిలో అబద్ధ సాక్ష్యానికి దగ్గరి చుట్టమే. 2016 నాటి నిబంధనల ప్రకారం ఇటువంటి సంచులు చేసేవారు, అమ్మేవారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం పొందాలి. ఆకుపచ్చ రంగు వేసినంత మాత్రాన సంచికి ఆ గుణం రాదు. అయితే తప్పంతా అమ్మేవాడి మీదనే తోసివేయగలమా? పారవేయడానికి అనుమతి దొరికినట్లుగా ఆ మాటను వినాలని మనకే ఉన్నది.

తినే గింజను సంచి చేయడం పాపమని కొందరంటారు. ఈ వాదన నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. మక్కలు ఇప్పటికే దాణాకు, గంజిపిండికి పోతున్నాయి. మరొక కొనుగోలుదారు వస్తే రైతుకు చేదు కాదు. కాని పది నిమిషాల వాడకం కోసం ఒక పంటకాలపు నీటిని, ఎరువును, రైతు చెమటను ఖర్చుచేయడం వేరే సంగతి. ఇంట్లో గుడ్డ సంచి, స్టీలు గ్లాసు, మోదుగ విస్తరి ఉన్నప్పుడు మరీను.

మనం తలచని మనిషి ఇంకొకరున్నారు. చెత్తలో ప్లాస్టిక్ ఏరి అమ్ముకొని బ్రతికే స్త్రీ. పాలీలాక్టిక్ గ్లాసు, మామూలు ప్లాస్టిక్ గ్లాసు చూపుకు ఒకటే. రెండూ కలిసి కరిగింపుకు పోతే ఆ సరుకు పాడవుతుంది, ఆమెకు వచ్చే ధర తగ్గుతుంది. విందు ముగిశాక ఆ గ్లాసులను వేరే గోనెలో కట్టించి, ఎరువు కుప్ప ఉన్న చోటికి పంపే ఏర్పాటు ఉన్నదో లేదో కొనకముందే అడిగి తెలుసుకోవాలి. లేదంటే ఆ రోజుకు స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చి, కడగడానికి నలుగురిని కూర్చోబెట్టడమే మేలు.