కాగితమే చుట్టము



ఉన్నతవిద్యార్థమై వరంగల్లు నుండి అమెరికాకేగిన కుర్రవానికి మొదటి పరీక్ష విశ్వవిద్యాలయమున జరుగదు. బ్యాంకు గుమాస్తా బల్ల ముందట జరుగును. పాసుపోర్టు చూపును. విశ్వవిద్యాలయ మిచ్చిన ఐ-ట్వంటీ ప్రవేశపత్రము చూపును. "మీ నివాసమెక్కడ?" అని గుమాస్తా యడుగును. ఇల్లు అద్దెకిచ్చువారు ఖాతా చూపుమందురు, బ్యాంకువారు ఇల్లు చూపుమందురు. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లియైనగాని పిచ్చి కుదరదు!

అమ్మ కొంగున ముడివేసిన పైకమునకు చిరునామా ఎవరడిగిరి? ఊరంతయు ఆమె నెరుగును. పరదేశమున ఎరిగినవారు లేరు. అచ్చట కాగితమే చుట్టము.

ఆ కుర్రవాని వరంగల్లు నుండియే, అది ఓరుగల్లైన నాడు, ఏలిన కాకతీయ రాజు గణపతిదేవుడు, 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, తుపానువాత బడి తీరము చేరిన పరదేశి వర్తకుల సరకులను పూర్వరాజులవలె అపహరింపక, నిర్ణీత సుంకము మాత్రమే గైకొందునని మాట యిచ్చెను. నీ ధనము నీదే. పరదేశి కోరునది ఆ మాటయే గదా!

విశ్వవిద్యాలయము వ్రాసియిచ్చిన నివాసలేఖతో కుర్రవాడు మరల బ్యాంకుకు వెళ్ళును. ఖాతా తెరచుకొనును. కొన్నాళ్ళకు తన పేరిట కార్డు టపాలో వచ్చును. ఆ సంబరమున హనుమకొండలోని యింటికి ఫోను చేయును. తల్లి యడుగు ప్రశ్న వేఱు:

"తిన్నవా, బిడ్డా?"