ఖాకీ దుస్తులలోని మనిషి

చార్మినారునకు దక్షిణముగా కొలది దూరములో శాలిబండ కలదు. 2010 మే 14, శుక్రవారము. మక్కా మసీదులో బాంబు ప్రేలిన దినము సమీపించుచున్నందున పాతబస్తీలో పోలీసు పికెట్లు నిలిపియుండిరి. శాలిబండలోని వోల్గా హోటలు కూడలివద్ద కాపలా యున్న పోలీసులపై మోటారు సైకిలు నెక్కి వచ్చినవారు తుపాకులు ప్రేల్చిరి. ఒక కానిస్టేబులు ప్రాణము కోల్పోయెను.

కాల్చినవారికి అతని పేరుతో పనిలేదు. అతడు ఎవరికి ఏమి అపకారము చేసెనను విచారణయు లేదు. వారికి కనబడినది ఖాకీ దుస్తు మాత్రమే. ఇచ్చటనే ధర్మసందేహము పుట్టుచున్నది. ధరించిన దుస్తును బట్టి ఒక మనిషికి పాపము అంటునా?

దీనికి పూర్వకథ కలదు. 2007 మే 18న మసీదులో బాంబు ప్రేలి తొమ్మండుగురు మరణించిరి. పిమ్మట ఆగ్రహించిన జనముపై పోలీసులు జరిపిన కాల్పులలో మరికొందరు కూలిరి. ఆ కాల్పులకు ప్రతీకారముగానే పోలీసులపై దాడులు జరిగెనని దర్యాప్తు అధికారులు చెప్పిరి.

ప్రతీకారమును సమర్థించువారు ఒక వాదము చేయుదురు. పోలీసు ఒంటరి మనిషి కాడు, ప్రభుత్వమునకు ప్రతినిధి. ప్రభుత్వము సమాధానము చెప్పనప్పుడు ప్రతినిధియే ఫలము ననుభవింపవలెనందురు. ఈ వాదములో సగము సత్యము కలదు. ఒక శాఖవలన అన్యాయము జరిగినచో ఆ శాఖ యావత్తు సమాధానము చెప్పవలసినదే. విచారణ జరిపించుట, నష్టపోయిన కుటుంబములను ఆదుకొనుట దాని విధి. కాని బాధ్యత వేరు, అపరాధము వేరు. బాధ్యత సంస్థకు సంక్రమించును. అపరాధము చేసినవానినే చేరును. ఒకడు తుపాకి పేల్చగా వేరొకడు హంతకుడు కాజాలడు. ఎండలో కూడలివద్ద నిలుచుట ఆ కానిస్టేబులు కాయకము. ఆ కాయకముతోనే అతని ఇంట పొయ్యి వెలుగుచుండెను.

ఇదే కొలత రెండవ వైపునకును వర్తింపవలెను. పోలీసులపై దాడుల కేసులలో నిందితులైన ఐదుగురిని 2015 ఏప్రిల్ 7న వరంగల్లు జైలునుండి హైదరాబాదు కోర్టునకు తీసికొనిపోవుచుండగా, ఆలేరు సమీపమున వారు వాహనములోనే పోలీసు కాల్పులలో మరణించిరి. ఆయుధములు లాగుకొన యత్నించిరని పోలీసులు చెప్పిరి. చేతులకు సంకెళ్లున్న స్థితిలో అది ఎట్లు సాధ్యమని పౌరహక్కులవారు ప్రశ్నించిరి. ప్రభుత్వము ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమించెను. ఒకటి మాత్రము నిశ్చయము. ఆ ఐదుగురి విషయమున న్యాయమూర్తి పలుకవలసిన తీర్పు పలుకబడలేదు. కానిస్టేబులును చంపినవారెవరో కోర్టు నోట వినవలసిన హక్కు అతని కుటుంబమునకు కలదు. తుపాకి ఆ హక్కును గూడ హరించినది.

శాలిబండలో కూలిన పోలీసునకై దుఃఖించువారు ఆలేరు విషయమున ప్రశ్నింపరు. ఆలేరునకై ప్రశ్నించువారు శాలిబండను తలపరు. ఎవరి దుఃఖము వారికే పరిమితమైనంతకాలము పగ చల్లారదు.

కావున పెద్దలు పిల్లలకు నేర్పవలసినది ఒక్కటి కలదు. "వాళ్లు చేసినారు" అను మాట వినబడినప్పుడెల్ల "వాళ్లలో ఎవరు?" అని అడుగుట నేర్పవలెను. ఆ ప్రశ్న అడుగువాడు బందోబస్తుకు పోయిన తండ్రికై ఎదురుచూచు బిడ్డను, వాయిదాకు పోయిన కుమారునికై ఎదురుచూచు తల్లిని ఒకే కంటితో చూడగలడు.