ఫోటోలో ఉన్నది, చేతికి వచ్చినది



మన సంఘములలో కోత పండుగ వేలము చూడనివారు అరుదు. ఆరాధన ముగిసిన తరువాత గుడి ముంగిట గుమ్మడికాయలు, సొరకాయలు, వడ్ల బస్తాలు, కాళ్లు కట్టిన కోడిపుంజు వరుసగా పెట్టుదురు. సంఘపెద్ద ఒక్కొక్కటి చేత ఎత్తి చూపి పాట మొదలుపెట్టును. పుంజు బరువు మీద అనుమానమున్నవాడు ముందుకు వచ్చి దానిని ఎత్తి చూచుకొనును. గుమ్మడికాయను తట్టి చూచుకొనును. 30 రూపాయల కాయ 300 రూపాయలకు పోయినను మోసపోయితినని ఎవరును ఏడ్వరు. కాయ ఏపాటిదో, తాను అంత ఎందుకు పాడెనో కొన్నవానికి తెలియును. హైదరాబాదు ప్రక్కనున్న బాలాపూరులో వినాయకుని లడ్డును 1994లో 450 రూపాయలకు పాడిరి. 2024లో ఆ పాట 30 లక్షలు దాటినది. అక్కడను ఎవడు దేనికి ఎంత ఇచ్చుచున్నాడో వానికి తెలిసియే ఇచ్చుచున్నాడు. వెల ఎక్కువైనంత మాత్రమున అన్యాయమనరాదు.

ఇప్పుడు వేలము ఫోనులోనికి వచ్చినది. అమ్మువాడు ఒక ఊరిలో, పాడువాడు మరియొక ఊరిలో, నడుమ ఒక ఫోటో. కాయను తట్టి చూచు చేయి లేదు. అట్టి వేలము మీద పుట్టిన ఒక తగవు కొరకు నేను అల్వాల్ పోవలసి వచ్చినది. తగవు చిన్నదే, పాత కుట్టుమిషను తగవు. కాని అది లేపిన ప్రశ్న నన్ను ఇంకను విడువలేదు. నోట అబద్ధమాడక, ఫోటోలో లేనిది చూపక, అయినను ఎదుటివానిని మోసగించుట సాధ్యమా?

అల్వాల్ సికింద్రాబాదు దండును ఆనుకొనియున్న పేట. కరీంనగరము పోవు రాజీవ్ రహదారి దాని మీదుగానే పోవును. దండు ఉద్యోగులకు బదిలీలెక్కువ. బదిలీయైనవారు మంచములు, బీరువాలు, సైకిళ్లు అమ్మి పోవుదురు. కనుక ఆ ప్రాంతములో వాడిన సామానుకు బేరము ఎప్పుడును ఉండును. ఒక మాట ముందుగా చెప్పవలెను. దండు ఉద్యోగినని చెప్పుకొని, లేని బండిని ఫోనులో అమ్మజూపు దొంగలను గూర్చి పోలీసులు ఎన్నోమారులు హెచ్చరించియున్నారు. అట్టివారి చేత చిక్కినవారు ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. నేను వ్రాయుచున్నది ఆ దొంగలను గూర్చి కాదు. పెన్షను తీసుకొనుచు, ఇరుగుపొరుగువారిచేత మంచివాడనిపించుకొనుచు బ్రతుకు మనవంటివారిని గూర్చి.

గజ్వేలుకు ఆవల మా ప్రక్క ఊరిలో ఒక తల్లి యున్నది. భర్త పోయినప్పటి నుండి జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్ వేసి ఇల్లు గడుపుకొనుచున్నది. ఆమె మిషను పాతబడి మూలపడెను. ఆమె మేనల్లుడు ఫోనులో సామాను వేలము వేయు ఒక గుంపులో చేరియుండెను. అల్వాల్‌లోని ఒక పెద్దమనిషి అందులో కుట్టుమిషను ఫోటో పెట్టెను. నల్లని మిషను, దాని మీద బంగారు రంగు పూలు, క్రింద ఇనుప స్టాండు, కాలి పెడలు. ఫోటో క్రింద రెండు వరుసల వ్రాత: కుట్టుమిషను హెడ్డు, మంచి స్థితిలో ఉన్నది, పాట 1,000 నుండి. మేనల్లుడు అత్తకు ఫోటో చూపెను. ఆమెకు చదువు రాదు. ఆమె చూచినది మిషను, స్టాండు, పెడలు. మేనల్లునికి చదువు వచ్చును గాని, హెడ్డు అనగా పై మిషను మాత్రమే, స్టాండు రాదు అని కుట్టుపని ఎరుగనివానికి ఎట్లు తెలియును? మరియొకడు కూడ పోటీగా పాడుచుండెను. పాట 4,300 వద్ద ఆగెను. డబ్బు ఫోనులోనే పంపిరి. ఆ ఊరి నుండి బోయిన్‌పల్లి మార్కెటుకు కూరగాయలు తెచ్చు బండి ఖాళీగా తిరిగి పోవునప్పుడు, గోనెలో చుట్టిన మిషనును వేసికొని పోయెను.

గోనె విప్పగా మిషను మాత్రమే యుండెను. స్టాండు లేదు. కుట్టి చూడగా నాలుగు కుట్లకు ఒక కుట్టు తప్పుచుండెను. లోపల షటిల్ అరిగిపోయినది. మేనల్లుడు కోపముతో ఆ గుంపులోనే ఆ పెద్దమనిషిని దొంగ అని వ్రాసెను. ఆయన తనకు పరువునష్టమైనదని, బేరము ముగిసినది గనుక పైస తిరిగి ఇయ్యనని వ్రాసెను. అటు తరువాత ఒకనాడు మేనల్లుడు నా యొద్దకు వచ్చి, “మాస్టారూ, మీరు తోడు రండి, మీరుంటే నాకు నోరు జారదు” అనెను. ఇద్దరము పోతిమి.

ఆయన మమ్మును కూర్చుండబెట్టి టీ ఇప్పించెను. చదువుకొన్నవాడు, మాట మెత్తన. “నేను హెడ్డు అనే రాసిన కదా సార్. స్టాండు ఇస్తనని ఒక్క అక్షరం రాసిన్నా?” అని ఫోను తీసి చూపెను. నిజమే, వ్రాయలేదు. మిషనును నేల మీద పెట్టి ఫోటో తీసిన బాగుండదని స్టాండు మీదనే యుంచి తీసెనట. అదియు నిజమే కావచ్చును. ఆ స్టాండు కూతురి మిషనుకని ముందే తీసి పెట్టెనట. నేను ఒక్క ప్రశ్న అడిగితిని. “హెడ్డుకు మామూలుగా ఎంత వచ్చునని మీరనుకొంటిరి?” “రెండు వేలు” అనెను. “పాట నాలుగు వేలు దాటినప్పుడు మీకేమనిపించినది?”

ఆయన చాలసేపు పలుకలేదు. టీ గ్లాసు చేతిలో త్రిప్పుచు కూర్చుండెను.

చదువరులారా, తగవంతయు ఆ మౌనములోనే యున్నదని నాకప్పుడు తోచినది. అంగడిలో ధర కట్టి అమ్మువానికి, కొనువాడు మనసులో ఏమనుకొనుచున్నాడో తెలియకపోవచ్చును. వేలములో అట్లు కాదు. పెరుగుచున్న పాటయే కొనువాని మనసును చదివి వినిపించును. 2,000 విలువగల దానికి ఇద్దరు పోటీపడి 4,300 పాడుచున్నారనగా, ఆ ఇద్దరును స్టాండుతో కూడిన మిషనునే పాడుచున్నారని ఆయనకు తెలియవలసినదే. తెలిసిన ఆ గడియలో “స్టాండు రాదు సుమా” అని ఒక్క వరుస వ్రాసియుండిన తగవే లేదు. ఆయన మొదట ఫోటో పెట్టినప్పుడు చేసినది అజాగ్రత్త యని ఒప్పుకొందును. పాట 3,000 దాటిన తరువాత ఊరకుండుట అజాగ్రత్త కాదు.

ఇది క్రొత్త తగవు కాదు. క్రీస్తుపూర్వము 44లో రోము పట్టణపు సిసెరో, ఏథెన్సులో చదువుకొనుచున్న తన కుమారునికి కర్తవ్యములను గూర్చి వ్రాసిన గ్రంథములో ఒక కథ చెప్పెను. కానియుసు అను రోమీయుడు సిసిలీ ద్వీపములోని సిరకూసులో తోట కొనగోరెను. పైథియుసు అను వడ్డీవ్యాపారి వానిని తన తోటలో విందుకు పిలిచి, ఆ దినమున తోట యెదుటనే వేటాడుడని జాలరులతో ముందుగా చెప్పియుంచెను. విందువేళ సముద్రమంతయు పడవలు, కాళ్లయొద్ద కుప్పలుగా చేపలు. ఈ ఊరి చేపలన్నియు ఇక్కడనే దొరకునని పైథియుసు చెప్పగా, కానియుసు అడిగినంత వెల ఇచ్చి కొనెను. మరునాడు స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చి చూడగా ఒక్క పడవ లేదు. జాలరులకు ఈ దినము పండుగయా అని పొరుగువానిని అడిగెను. పొరుగువాడు, ఇక్కడ ఎవరును వేటాడరనియు, నిన్నటి సందడి చూచి తానే ఆశ్చర్యపడితిననియు చెప్పెను.

ఫోటో లేని కాలములో తీసిన ఫోటో అది. పడవలు నిజమైనవే, చేపలు నిజమైనవే. అయితే అవి తోటతో రావు.

ఆ గ్రంథములోనే ఇద్దరు గ్రీకు తత్త్వజ్ఞానుల వాదము కూడ నున్నది. లోపములున్న ఇల్లు అమ్మువాడు వాటిని చెప్పవలెనా? డయోజెనీసు చెప్పనక్కరలేదనును. కొనుమని ఎవరును బలవంతపెట్టలేదు గదా. వేలము వేయువాడు ఇది రోగిష్టి ఇల్లు అని కేకవేసి అమ్మునా? అని అతడు నవ్వును. అంటిపాతెరు చెప్పవలెననును, తెలిసి ఒకని పొరపాటులో పడనిచ్చుట, దారి తప్పినవానికి దారి చూపకపోవుటకంటె చెడ్డదనును. సిసెరో అంటిపాతెరు పక్షమే. నేనును ఆ పక్షమే, గాని డయోజెనీసు మాటను బొత్తిగా త్రోసివేయను. అమ్మువాడు సమస్తమును చెప్పనక్కరలేదు. ప్రక్క వీధిలో ఇదే మిషను చవుకగా దొరకునని చెప్పు బాధ్యత ఆయనకు లేదు. కొనువాడు తన కన్నులతో, తన కాళ్లతో తెలిసికొనగలిగినది వాని పాలికి విడువవచ్చును. కాని ఫోటో విషయములో కొనువానికి స్వంత కన్నులేవి? అమ్మువాడు ఎటు నిలిచి తీసెనో అటు నుండి మాత్రమే చూడగలడు. వెనుకకు పోయి చూడలేడు, చక్రము త్రిప్పి చూడలేడు. తన కన్నులను అమ్మువానికి అప్పగించి చూచుచున్నాడు. అప్పగింతగా తీసికొనిన సొమ్మును వాడుకొనినవానిని మనమేమందుము?

ధర్మశాస్త్రములో, సంచిలో హెచ్చుతగ్గులుగల రెండు తూనికరాళ్లు ఉంచుకొనరాదని యున్నది. పెద్ద రాయి కొనుటకు, చిన్న రాయి అమ్ముటకు. ఫోటో ఒక రాయి, క్రింది వ్రాత మరియొక రాయి. పాట పెరుగునప్పుడు ఫోటో పని చేయును. తగవు వచ్చినప్పుడు వ్రాత బయటికి తీయబడును. “హెడ్డు అనే రాసిన కదా” అన్న మాట విన్నప్పుడు నాకు ఆ సంచియే జ్ఞాపకము వచ్చెను.

చట్టమేమనునో కూడ తెలిసికొనుట మేలు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టము ప్రకారము, వర్ణన చేసి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవలెను. వేలములో అమ్మువాడు ముందు తెలుపక తన సరుకును తానే, లేక తన మనిషిచేత, పాడించి ధర పెంచినయెడల కొన్నవాడు ఆ బేరమును మోసముగా ఎంచవచ్చును. 2020లో వచ్చిన ఆన్‌లైను వర్తకపు నియమముల ప్రకారము, ప్రకటించిన లక్షణములు లేని సరుకును తిరిగి తీసికొనననుటకు వర్తకునికి వీలులేదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను, నెలలోగా తీర్చవలెను. సలహా కొరకు 1915 అను సంఖ్య యున్నది. అయితే వ్యాపారము కాక, ఇంటి సామానును ఎప్పుడో ఒకసారి అమ్ముకొను వ్యక్తికి ఈ 2020 నియమములు వర్తింపవు. అల్వాల్ పెద్దమనిషి అట్టివాడే. పాత చట్టముతో కోర్టుకు పోవచ్చును గాని, కుట్టుమిషను కొరకు కోర్టుకు పోవువాడెవడు? కాబట్టి అక్కడ మిగిలినది ఆయన మనస్సాక్షి, ఈ పిల్లవాని మనస్సాక్షి.

ఈ పిల్లవాని మనస్సాక్షిని గూర్చియు చెప్పవలసియున్నది. ఆయన మౌనముగా కూర్చుండిన తరువాత నేను మిషనును చూచితిని. మేము దానిని వెంట తెచ్చియుంటిమి. దారపు ఉండను పెట్టు పుల్ల వంగియుండెను. అది కూడ వంగినదే పంపెనని మేనల్లుడు గుంపులో వ్రాసియుండెను. ఆయన పంపుటకు ముందు గోనెయొద్ద తీసిన ఫోటో చూపెను. పుల్ల తిన్నగా నున్నది. “కూరగాయల బండిలో వంగింది కావచ్చు,” అని మేనల్లుడు తల వంచుకొని గొణిగెను. పది న్యాయమైన మాటలు చెప్పవచ్చినవాడు పదునొకండవదిగా ఒక అబద్ధము చేర్చుకొనెను, తన పక్షము బలపడునని. సామెతల గ్రంథములో, కొనునప్పుడు వస్తువును హీనపరచి ఇంటికి పోయి మురిసిపోవువాడు కనబడును. వాడు ఫోనుల కాలములో చావలేదు. కొని నాలుగు దినములకు మనసు మారి, ఫోటోలోని రంగు వేరు అని తిరిగి పంపువారు, వాడుకొని పంపువారు లేకపోలేదు. రంగు సంగతి నిజముగనే చిక్కు. ఎండలో తీసిన చీర ఒక రంగు, దీపము క్రింద తీసినది మరియొక రంగు. అందులో ఎవరి తప్పును లేకపోవచ్చును. తప్పు లేనిచోట తప్పు పట్టుటయు ఒక అమ్మకమే.

ఆన్‌లైను వేలములకు పేరుపొందిన ఈబే 1995లో అమెరికాలో మొదలైనప్పుడు, దానిని స్థాపించిన పియెర్ ఒమిడియార్ అమ్మిన తొలి వస్తువు గోడ మీద ఎర్రని చుక్క వేయు చిన్న లేజరు కడ్డీ. అది చెడిపోయినది. చెడిపోయినదనియే ఆయన పెట్టెను. అయినను ఎవడో 14 డాలర్ల 83 సెంట్లకు పాడగా, ఆయన ఊరకుండక, ఇది చెడినదని నీకు తెలిసినదా అని వానిని అడిగెనట. చెడిన కడ్డీలను కూర్చుకొనుట తనకు సరదా యని వాడు జవాబిచ్చెను. లోకము నవ్వుకొనుటకు ఈ కథ చెప్పుకొనును. నేను అందులో ఆ ప్రశ్ననే చూచుచున్నాను. పాట తన అంచనాకు మించినది గనుక అడిగెను.

అల్వాల్‌లో మేము లేచువేళకు సాయంకాలమైనది. ఆయన లోపలికి పోయి 1,500 తెచ్చి, “బాబూ, ఇది తీస్కో, నన్ను దొంగ అన్నది తీసెయ్,” అనెను. పూర్తి తేడా కాదు. స్టాండు కూతురి ఇంటికి పోయినది, తిరిగి అడుగలేననెను. మేనల్లుడు నా వైపు చూచెను. నేను తీసికొమ్మని గాని వద్దని గాని చెప్పలేదు. తీసికొనెను. ఆ రాత్రియే ఆ మాట తుడిచివేసెను. పుల్ల సంగతి అబద్ధమని మాత్రము గుంపులో వ్రాయలేదు. వ్రాయుమని నేను రెండుమారులు చెప్పితిని.

ఆ తల్లి పాత ఇనుము అంగడిలో ఒక స్టాండు వెదకి తెచ్చుకొన్నది. షటిల్ మార్పించినది. ఇప్పుడు బడిపిల్లల గౌనులు కుట్టుచున్నది. మొన్న వారి యింటికి పోగా మేనల్లుని ఫోను అడిగి తీసికొని ఆ మొదటి ఫోటోను నాకు చూపినది. “అందం ఇందులనే ఉంది మాస్టారూ,” అని నవ్వి, మిషను మీది గుడ్డను మరల సరిచేసికొన్నది.