విభీషణుడు లంక ఎందుకు వదిలాడు?



మంచి ఎంప్లాయీ ఎవరైనా రిజైన్ చేస్తే ఆఫీసులో వినిపించే మాట ఒకటే: "ఎక్కువ ప్యాకేజీ వచ్చి ఉంటుందిలే."

మరి విభీషణుడి సంగతేంటి? లంకలో బంగారానికి లోటు లేదు. అవతలి ఒడ్డున ఉన్న రాముడికేమో రాజ్యమూ లేదు, ఖజానా లేదు. అయినా నలుగురు అనుచరులతో సముద్రం దాటి వచ్చేశాడు. ఎందుకంటే, సీతమ్మను తిరిగి పంపేయమని అన్నకి మంచి చెబితే ఇంద్రజిత్తు పిరికివాడన్నాడు, రావణుడు సభలోనే అవమానించాడు. నిజం చెప్పేవాడికి అక్కడ చోటు లేదు.

ఇక ఇటు ఒడ్డున చూడండి. శత్రువు తమ్ముడు శరణు అంటూ వచ్చాడు. సుగ్రీవుడు వద్దన్నాడు. అంగదుడు పరీక్షించి చూద్దామన్నాడు. జాంబవంతుడు అనుమానపడ్డాడు. హనుమంతుడు తీసుకోవచ్చన్నాడు. రాముడు అందరి మాటా విన్నాకే అభయమిచ్చాడు. ఇచ్చాక సగం నమ్మకంతో ఆగలేదు. యుద్ధం మొదలవకముందే సముద్రజలంతో లంకకు రాజుగా అభిషేకం చేయించాడు. తీసుకునే ముందు ఎంతైనా చర్చించాలి, తీసుకున్నాక నమ్మాలి.

"అయితే గౌరవం ఇస్తే చాలు, జీతం సంగతి తర్వాత చూద్దాం" అనేవాళ్లూ ఉంటారు. "మనమంతా ఒకే ఫ్యామిలీ" అంటూ హైక్ ఎగ్గొట్టేది వీళ్లే. వాళ్లు అయోధ్యకాండ నూరవ సర్గ చదవాలి. చిత్రకూటంలో భరతుడు కలిసినప్పుడు రాముడు పాలన గురించి వరసగా ప్రశ్నలు అడుగుతాడు. అందులో ఒకటి: సైన్యానికి తిండి, జీతం సమయానికి ఇస్తున్నావా, ఆలస్యం చేయడం లేదు కదా? ఆలస్యమైతే పనిచేసేవాళ్లకు యజమాని మీద కోపం వస్తుందనీ, దాంతో పెద్ద అనర్థమే జరుగుతుందనీ హెచ్చరిస్తాడు. నారచీర కట్టుకుని అడవిలో ఉన్న మనిషి అడిగిన ప్రశ్న ఇది! జీతం టైముకి ఇవ్వడం ఆయన దృష్టిలో రాజధర్మం.

సీతమ్మ జాడ తెచ్చిన హనుమంతుణ్ణి రాముడు అందరి ముందూ మెచ్చుకున్నాడు. తగిన బహుమానం ఇవ్వలేకపోతున్నానని బాధపడి, గుండెలకు హత్తుకున్నాడు. తర్వాత పట్టాభిషేకం రోజున, రాముడు తనకిచ్చిన ముత్యాలహారాన్ని సీతమ్మ ఆయన అనుమతితోనే హనుమంతుడికి ఇచ్చింది. చేతిలో లేనప్పుడు కౌగిలి, ఉన్నప్పుడు హారం. ఉండి కూడా కౌగిలితో సరిపెట్టడం రాముడి పద్ధతి కాదు.

మనలో చాలామందికి జీతాలు పెంచే అధికారం ఉండదు. టీమ్‌లో ఇద్దరే ఉండొచ్చు. కానీ మీటింగ్‌లో "ఇది తప్పేమో" అన్న జూనియర్‌ని మధ్యలో ఆపకుండా వినొచ్చు. వాడు చేసిన పనిని వాడి పేరుతోనే పైవాళ్లకు చెప్పొచ్చు. అప్రైజల్ వచ్చినప్పుడు వాడి కోసం గట్టిగా అడగొచ్చు. ఈ సోమవారం ఈ మూడింట్లో ఒక్కటైనా చేసి చూడండి. అది కూడా రామసేవే.

జై శ్రీరామ్! జై హనుమాన్!