వస్త్రముల ప్రకటనలో వస్త్రములేని బొమ్మ



చొక్కా విప్పి నారుకట్టలు మోయువానిని చూచి మనలో ఎవరును ముఖము త్రిప్పుకొనరు. అట్టి ఒళ్లే గోడమీదికెక్కినప్పుడు ఎందుకు త్రిప్పుకొందుము?

2011వ సంవత్సరమున సింగపూరులోని ఆర్చర్డ్ రోడ్డుమీద అబెర్‌క్రోంబీ అండ్ ఫిచ్ అను అమెరికా బట్టల కంపెనీ, దుకాణము తెరువకముందే, చొక్కాలేని పురుషుని మొండెమును, నడుము క్రిందికి జారిన జీన్స్‌తో, పెద్ద బొమ్మగా నిలిపెను. చొక్కాలమ్ము దుకాణమునకు చొక్కాలేని మనిషి! ఫిర్యాదులు వచ్చెను. ఆ దేశపు ప్రకటనల ప్రమాణముల సంస్థ అది సభ్యతా నియమమును మీరినదని తేల్చెను.

సింగపూరులో నూటికి సుమారు 75 మంది చీనావారు. తక్కినవారిలో మలయీలు, తమిళులు, మనవారును కలరు. బౌద్ధులు, ముస్లిములు, క్రైస్తవులు, హిందువులు, ఏ మతమును లేనివారు ఒకే గోడను చూచుచున్నారు. ఇట్టిచోట ఒక జాతి కోపించును, మరియొక జాతి మెచ్చుకొనునని నేను మొదట తలంచితిని. అయితే ఆ డిసెంబరులో, దుకాణము తెరచు దినములలో, వాకిట చొక్కాలేని యువకులు వరుసగా నిలువగా వారితో ఫొటోలు తీయించుకొనుటకు జనులు మూగిరి. ఫిర్యాదు చేసినదియు ఆ ఊరే, మూగినదియు ఆ ఊరే. గీత జాతికిని జాతికిని నడుమ మాత్రమే లేదు. ఒకే యింటిలో, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషిలోను ఉన్నది.

ఎంత ఒళ్లు కనబడినదని కొలుచుటవలన ఈ సంగతి తేలదు. నారు మోయువాని ఒళ్లు వాని పనికొరకున్నది. గోడమీది మొండెమునకు పేరు లేదు, పని లేదు. అది మన చూపును పట్టు గాలమునకు ఎర.

దావీదు మిద్దెమీదనుండి బత్షెబను చూచిన సంగతిలో నాతాను గద్దించినది చూచినవానినే గాని స్నానము చేయుచున్నదానిని కాదు. ప్రకటనలో మూడవవాడొకడున్నాడు: ఆమెను తానే నలుగురి కంటికి నిలిపి, చూపుకింత అని పైకము లెక్కించువాడు. ఆ పైకమిచ్చు నాలుగవవాడెవడు?

1980లో కాల్విన్ క్లైన్ జీన్స్ ప్రకటనలో కనబడిన బ్రూక్ షీల్డ్స్‌కు 15 ఏండ్లు. కొన్ని టెలివిజన్ కేంద్రములు ఆ ప్రకటనను నిరాకరించెను. జీన్స్ మాత్రము విరివిగా అమ్ముడుపోయెను. తనచేత పలికించిన మాటలలోని రెండవ అర్థము అప్పుడు తనకు తెలియలేదని ఆమె పెద్దదైన తరువాత చెప్పినది. నిరాకరించినవారు తమ ప్రేక్షకులను కాపాడిరి. ఆ పిల్లను కాపాడినవారెవరు?

2015లో అబెర్‌క్రోంబీ కంపెనీ తానే అట్టి బొమ్మలు మానుచున్నట్లు తెలిపెను. అప్పటికి దాని అమ్మకములు తగ్గుచుండెను. జనులకు సిగ్గు పుట్టెనో, విసుగు పుట్టెనో, విసుగే అనుకొందును.

పోయిన క్రిస్మస్‌కు పిల్లల బట్టలకొరకు టౌనుకు పోతిమి. దుకాణపు ద్వారమువద్ద నిలిపిన బొమ్మను చూచి నా భార్య తల వంచుకొని, వేరొక చోటికి పోదమనెను. నేను ధర అడిగితిని. తక్కువే చెప్పిరి. లోపలికి పోతిమి.