కాలయంత్రం ఎక్కడ ఆగుతుంది?

1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ‘ఆదిత్య 369’ చిత్రాన్ని బాగుచేసి, 2025 ఏప్రిల్‌లో 4కె ప్రతిగా మళ్ళీ విడుదల చేశారు. దానిని చూచి పెనుగంచిప్రోలుకు తిరిగివచ్చిన రాత్రి నన్నొక ప్రశ్న పట్టుకొన్నది: గతాన్ని బాగుచేయడమంటే, ఎవరి గతాన్ని?

కాలయంత్రమెక్కిన ప్రేమికులు 1526లో, శ్రీకృష్ణదేవరాయల కాలంలో దిగుతారు. సభ, నర్తకి, తెనాలి రామకృష్ణుడు అన్నీ కొత్త రంగుల్లో మెరిశాయి. ఆనందించాను, కాదంటే అబద్ధం.

కాని కథను నడిపేది రాయల కాలపు వజ్రం. దానిని తవ్విన చెయ్యి తెరపై లేదు. అటువంటి చేతులు మాకు పొరుగువి. నందిగామ దాటితే వచ్చే పరిటాల ఒకనాటి వజ్రాల గని. కృష్ణకు ఆవలనున్న కొల్లూరు గనిని పదిహేడవ శతాబ్దంలో చూచిన టావెర్నియర్, అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని వ్రాశాడు. మగవారు తవ్వేవారట, ఆడవారూ పిల్లలూ మన్ను మోసేవారట. రాయల తరువాత శతాబ్దం గడిచాకటి మాట, నిజమే. అయినా వజ్రం ఏ కాలంలోనూ తనంత తాను సభకు నడిచిరాలేదు. ఇప్పుడు కొల్లూరు పులిచింతల నీళ్ళ క్రింద ఉన్నది.

ప్రణయకథలో గని గొడవేమిటని మిత్రులంటారు. దర్శకుని నేను తప్పుపట్టను. 2504లో అణుయుద్ధానంతరం భూగర్భంలో బ్రతికే మనుష్యులను చూపినవాడాయన. నా తగవు నాతోనే. ఆ యంత్రం నాకే దొరికితే, సభాద్వారం విడిచి గని దగ్గర దిగుతానా?

ఇదే మా విద్యార్థులనడిగాను. ఒక అమ్మాయి, “అక్కడ దిగితే మన చేతికీ తట్ట ఇస్తారు గదండీ, మాస్టారూ” అన్నది.